‘కుర్రతనం’ అని సరిపెట్టే కళాశాల పెద్దలకు బహిరంగ లేఖ

ప్రిన్సిపాళ్లకు, విభాగాధిపతులకు, హాస్టల్ వార్డెన్లకు, క్రమశిక్షణ కమిటీల్లో కూర్చునే అధ్యాపకులకు,

నమస్కారం.

నేనూ మీలో ఒకదాన్నే. ఏళ్ల తరబడి డిగ్రీ, పీజీ విద్యార్థులకు పాఠాలు చెప్పాను. లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీల్లో కూర్చున్నాను. ఆ గదుల్లో విన్నవీ, ఈ విషయం మీద దశాబ్దాలుగా జరిగిన పరిశోధనల్లో చదివినవీ ఒకే దిక్కు చూపిస్తున్నాయి కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. తోటి విద్యార్థులను వేధించేవాడు ఎందుకు అలా తయారయ్యాడు అంటే మనం అలవాటుగా చెప్పుకునే జవాబులు కొన్ని ఉన్నాయి. వాటిలో చాలావరకు తప్పు. అవి పట్టుకుని కూర్చున్నంతకాలం మనం చేసే ఏర్పాట్లేవీ పనిచేయవు.

ఆ జవాబులు మీకూ తెలుసు. వయసు అలాంటిది. ఫోన్లు చెడగొట్టాయి. ఎవరో ఒకరిద్దరు పోకిరీలు, వాళ్లని పంపించేస్తే సరి. నాలుగోది కొందరు గొంతు తగ్గించి అంటారు, కొందరు బాహాటంగానే అంటారు: అమ్మాయిలు కూడా కాస్త చూసుకోవాలి కదా. ఈ నాలుగింటిలో ఏది నిజమైనా కాలేజీకి వచ్చే ఇబ్బంది ఏమీ లేదు. కారణం ఎప్పుడూ గేటు అవతలే ఉంటుంది, మన చేతికి మట్టి అంటదు. అందుకే అవి మనకు అంత ఇష్టం.

వేధించినవాళ్లే ఏం చెప్పారో చూద్దాం. అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ యూనివర్సిటీ విమెన్ అనే సంస్థ 2005లో అక్కడి కళాశాల విద్యార్థులను అడిగి ఒక నివేదిక వెలువరించింది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని విద్యార్థినుల్లో 62 శాతం, మగ విద్యార్థుల్లో 61 శాతం చెప్పారు. అబ్బాయిల సంఖ్య చూసి ఆశ్చర్యపోకండి, దాని సంగతి తర్వాత చెబుతాను. ‘మేమే ఎవరినో వేధించాం’ అని ఒప్పుకున్నవాళ్లను ఎందుకు అని అడిగితే, సగం కంటే ఎక్కువ మంది ఇచ్చిన జవాబు: తమాషాగా ఉంటుందనుకున్నాం. అవతలి మనిషికి నచ్చుతుందనుకున్నామని అన్నవాళ్లు దాదాపు మూడో వంతు దగ్గరే ఆగిపోయారు. ఆ మనిషితో బయటికి వెళ్లాలని ఆశపడ్డామన్నవాళ్లు ఇంకా తక్కువ. అంటే వాళ్ల నోటి మాట ప్రకారమే, ఇందులో మోజు కంటే వినోదం పాలు ఎక్కువ.

వినోదం అంటే చూసేవాళ్లు ఉండాలి. నేను విన్న ఫిర్యాదుల్లో దాదాపు ప్రతిదాని వెనకా ఒక ప్రేక్షక బృందం ఉంది. ఒకటి చెబుతాను. ఒక తరగతిలో అబ్బాయిలు మాత్రమే ఉన్న వాట్సాప్ గ్రూపు. మొదట్లో నోట్సు, అటెండెన్స్ కబుర్లు. ఒకరోజు వెనక బెంచీ నుంచి ఒకడు, బోర్డు మీద లెక్క చేస్తున్న అమ్మాయి ఫొటో తీసి పెట్టాడు. పదికి ఎన్ని మార్కులు అని అడిగాడు. మార్కులు వేసినవాళ్లు కొందరు, నవ్వే బొమ్మలు పెట్టినవాళ్లు ఇంకొందరు. మిగిలిన చాలామంది చూసి ఊరుకున్నారు. వారం తిరక్కుండా అది రోజువారీ ఆట అయింది. ఫొటోల కింద రాతలు ముదిరాయి. గ్రూపు నుంచి తప్పుకున్న ఒక కుర్రాడిని కారిడార్‌లో ఆపి ‘నీకేంట్రా నొప్పి, అది నీకేమవుతుంది?’ అని అడిగారు. వాడు మళ్లీ చేరాడు. ఆ పేజీల ప్రింట్లు కమిటీ బల్ల మీదికి వచ్చినప్పుడు నన్ను ఎక్కువ కలవరపెట్టింది రాతలు కూడా కాదు. మొదటి ఫొటో పెట్టిన తర్వాత, ఎవరో నవ్వేదాకా, కొన్ని నిమిషాలు ఎవరూ ఏమీ అనలేదు. ఆ కొన్ని నిమిషాల్లో ఒక్కడు ‘తీసెయ్ రా’ అని ఉంటే ఆట అక్కడే ఆగిపోయేదని నాకు గట్టి నమ్మకం.

తర్వాత ఒక్కొక్కరినీ విడిగా పిలిచి మాట్లాడాం. మాకు నచ్చలేదు మేడమ్ అన్నవాళ్లు చాలామంది తేలారు. మరి ఎందుకు అనలేదు అంటే, అందరికీ నచ్చిందనుకున్నాం అన్నారు. మగవాళ్ల గుంపుల్లో ఇది తరచూ కనిపించే సంగతేనని సామాజిక మనస్తత్వవేత్తలు చెబుతూ వచ్చారు. ఆడవాళ్లను కించపరిచే మాటలు తోటివాళ్లకు ఎంత సమ్మతమో ప్రతివాడూ ఎక్కువ అంచనా వేసుకుంటాడు. మనసులో ఒప్పుకోనివాడు తానొక్కడే అనుకుని నోరు మూసుకుంటాడు, ఆ మౌనాన్ని పక్కవాడు అంగీకారం అనుకుంటాడు. ఇలా ఎవరికీ అంతగా ఇష్టం లేని ఆట అందరి పేరు మీద నడిచిపోతుంది.

సరే, నవ్వుకోవడానికి లోకంలో ఇన్ని ఉండగా ఆ అమ్మాయే ఎందుకు దొరికింది? ఇక్కడే జెండర్ సంగతి వస్తుంది. దయచేసి ఈ భాగం నిదానంగా చదవండి.

వేధింపు అనగానే మనకు తోచేది చేయి పట్టుకోవడం, వెంటపడటం, బెదిరించి లొంగదీసుకోవడం. లూయీస్ ఫిట్జెరాల్డ్ అనే మనస్తత్వవేత్త, ఆమె తోటి పరిశోధకులు 1980ల చివరి నుంచి చేసిన కృషి వల్ల దీన్ని మూడు రకాలుగా చూడటం స్థిరపడింది. లాభం ఎరచూపో, నష్టం చూపించి భయపెట్టో లొంగదీసుకోవడం ఒకటి. వద్దన్నా లైంగికంగా మీదపడటం రెండోది. ఆడది కాబట్టి హేళన చేయడం, బూతు బొమ్మలు చూపించడం, ‘నీకెందుకీ చదువు’ అని తీసిపారేయడం మూడోది. ఈ మూడోదే అన్నిటికంటే ఎక్కువగా జరుగుతుందని 2018లో అమెరికా నేషనల్ అకాడమీస్ అనే శాస్త్ర సంస్థలు వెలువరించిన పెద్ద నివేదిక కూడా చెప్పింది. ఆలోచించండి. ఈ మూడో రకంలో ఆకర్షణ ఎక్కడుంది? ఒక అమ్మాయి మనసు గెలుచుకోవాలనుకున్నవాడు ఆమెను పదిమందిలో అవమానించడు. అవమానించేవాడికి కావలసింది వేరే ఉంది. ఆమె తన హద్దులో తాను ఉండాలి.

దీన్ని ప్రయోగం చేసి చూసినవాళ్లు ఉన్నారు. ఇటలీలో అన్నే మాస్, ఆమె సహచరులు 2003లో ప్రచురించిన పరిశోధన అది. మగ విద్యార్థులను కంప్యూటర్ ద్వారా ఒక అమ్మాయితో సంభాషించమన్నారు. నిజానికి అవతల అమ్మాయి లేదు, జవాబులు ముందే తయారు చేసి పెట్టినవి. కొందరికి తగిలిన ‘అమ్మాయి’ స్త్రీలకు సమాన హక్కులు కావాలంటుంది, పెద్ద ఉద్యోగం చేస్తానంటుంది. మరికొందరికి తగిలిన ‘అమ్మాయి’ ఆడవాళ్ల పనులు ఆడవాళ్లవి, మగవాళ్ల పనులు మగవాళ్లవి అంటుంది. ఆమెకు బొమ్మలు పంపే అవకాశం ఇచ్చారు, వాటిలో అశ్లీలమైనవీ ఉన్నాయి. హక్కుల మాట ఎత్తిన అమ్మాయికే అవి ఎక్కువగా వెళ్లాయి. మగతనాన్ని తమ గుర్తింపుగా గట్టిగా పట్టుకున్నవాళ్లలో, ఆ మగతనానికి దెబ్బ తగిలిందని అనిపించినవాళ్లలో ఈ ధోరణి మరింత కనిపించింది. ముఖం లేదు, గొంతు లేదు, ఒంటి మీద బట్టల ప్రసక్తే లేదు. అయినా వేధింపు జరిగింది. బట్టల గురించి ఉపన్యాసం ఇవ్వబోయే ముందు ఈ ఒక్క ప్రయోగం గుర్తు చేసుకోమని నా మనవి.

2007లో జెన్నిఫర్ బెర్డాల్ అనే పరిశోధకురాలు అచ్చువేసిన అధ్యయనాల్లోనూ ఇదే తేలింది. ఎక్కువ వేధింపుకు గురయ్యేది ‘ఆడతనం’ ఉట్టిపడే స్త్రీలు అని లోకం అనుకుంటుంది. ఆమె లెక్కల్లో తేలింది చొరవ, పట్టుదల, స్వతంత్రత లాంటి ‘మగ లక్షణాలు’ ఉన్న స్త్రీలు. మన కాలేజీల్లో చూసుకోండి. సంఘం ఎన్నికల్లో నిలబడ్డ అమ్మాయి, ప్రాజెక్టు బృందానికి నాయకురాలైన అమ్మాయి, ఫస్ట్ ర్యాంకు తెచ్చుకుని సెమినార్‌లో ఎదురు ప్రశ్న వేసిన అమ్మాయి. వీళ్ల మీదే గోడల మీద రాతలు, వీళ్ల మీదే పుకార్లు. వాళ్ల దుస్తులు మిగతావాళ్ల దుస్తుల్లాంటివే. వాళ్లు చేసిందల్లా మగవాళ్లదని అనుకున్న చోట నిలబడటం.

ఇప్పుడు అబ్బాయిల 61 శాతం సంగతి. అబ్బాయిలు ఎదుర్కొనే వేధింపులో పెద్ద భాగం ‘నువ్వు మగాడివేనా’ అనే రకం. నడక మీద, గొంతు మీద, అమ్మాయిలతో స్నేహం మీద, ఆటలు రాకపోవడం మీద ఎగతాళి. స్వలింగ ఆకర్షణ ఉన్నవాళ్లు, ట్రాన్స్ విద్యార్థులు అయితే ఆ ఎగతాళి చదువు మానుకునేదాకా తరుముతుంది. చొరవ చూపిన ఆడపిల్లను ఎందుకు శిక్షిస్తున్నారో, మెత్తగా ఉన్న మగపిల్లాడిని కూడా అందుకే శిక్షిస్తున్నారు. ఆడ ఇలా ఉండాలి, మగ అలా ఉండాలి అని గీసిన గీత దాటినందుకు. గీత దాటినవాళ్లను వేధించినవాడు తాను మాత్రం దాటలేదని గుంపు ముందు రుజువు చేసుకుంటున్నాడు. అందుకే ‘ఇది ఆడవాళ్ల సమస్య’ అని మహిళా విభాగానికి అప్పజెప్పి మనం చేతులు దులుపుకోకూడదు.

మరి అపార్థాలు ఉండవా? ఉంటాయి. ఆంటోనియా ఆబీ అనే పరిశోధకురాలు 1982లో ప్రచురించిన ప్రయోగంలో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి కొద్ది నిమిషాలు మాట్లాడుకుంటుంటే మరో అబ్బాయి, మరో అమ్మాయి వాళ్లకు కనిపించకుండా గమనించారు. అదే సంభాషణలో అమ్మాయి స్నేహంగా ఉండటాన్ని మగవాళ్లు, ఆడవాళ్లకంటే ఎక్కువగా, రమ్మనే సంకేతంగా చదివారు. నవ్వి మాట్లాడితే ఇష్టమే అనుకోవడం, వద్దన్నా వెంటపడితే ఎప్పటికైనా ఒప్పుకుంటుందనుకోవడం మన పిల్లలు ఎక్కడెక్కడి నుంచో నేర్చుకుని వస్తున్నారు. దాన్ని సరిదిద్దడం మన పనే. కానీ అపార్థం ఒక్కసారి వరకే. ‘నాకు ఇష్టం లేదు, మెసేజ్ చేయకు’ అని ఆమె చెప్పిన తర్వాత రెండో నంబరు నుంచి, మూడో అకౌంటు నుంచి వచ్చే మెసేజ్‌ను అపార్థం అనలేం. పోలీసుల దాకా పోకుండా మాట్లాడి సర్దేద్దాం అనే పెద్దమనుషులు ఈ తేడా చూడటం లేదు.

ఇక అసలు సంగతి. ఇది నేరుగా మీకు సంబంధించినది.

జాన్ ప్రయర్ అనే మనస్తత్వవేత్త, వేధించే స్వభావం మగవాళ్లలో ఎంత ఉందో కొలవడానికి 1987లో ఒక కొలబద్ద తయారుచేశాడు. తర్వాత 1993లో సహచరులతో కలిసి ఒక ప్రయోగం ప్రచురించాడు. మగ విద్యార్థులు ఒక అమ్మాయికి కంప్యూటర్ పని నేర్పాలి. వాళ్లను ఆమె దగ్గరకు తీసుకెళ్లేది ఒక సీనియర్. ఆ సీనియర్ కొన్నిసార్లు మర్యాదగా నడుచుకుంటాడు, కొన్నిసార్లు ఆమెతో అసభ్యంగా చనువు తీసుకుంటాడు. వేధించే స్వభావం తక్కువగా ఉన్న కుర్రాళ్లు రెండు సందర్భాల్లోనూ సరిగానే ఉన్నారు. ఆ స్వభావం ఎక్కువగా ఉన్నవాళ్లు మాత్రం సీనియర్ హద్దు మీరితేనే తామూ మీరారు. అతను మర్యాదగా ఉన్నప్పుడు వాళ్లూ బుద్ధిగా నేర్పి వచ్చారు. కుర్రాడు మారలేదు, స్వభావం మారలేదు. ముందు నడిచినవాడి తీరు మారింది, అంతే.

నేషనల్ అకాడమీస్ నివేదిక చెప్పిందీ ఇదే. ఒక సంస్థలో వేధింపు ఎంత జరుగుతుందో అన్నిటికంటే బాగా చెప్పగలిగేది ఆ సంస్థ వాతావరణం. ఫిర్యాదు చేస్తే చేసినవాళ్లకే ముప్పు అని, వేధించినవాడికి ఏమీ కాదని, అసలు ఎవరూ పట్టించుకోరని జనం అనుకుంటే అక్కడ వేధింపు పెరుగుతుంది. ఆ నమ్మకాలు పుట్టించేది మనమే.

ఎలా పుట్టిస్తామో చెబుతాను. లెక్చరర్ పాఠం మధ్యలో ఆడవాళ్ల తెలివి మీద ఒక జోకు వేస్తాడు. అరవైమంది నవ్వుతారు. పాఠం ముందుకు సాగుతుంది, ఆ గదిలో ఏది చెల్లుతుందో అరవైమందికీ తెలిసిపోతుంది. ల్యాబ్‌లో ‘నువ్వు రికార్డు రాయమ్మా, మెషీన్ వాళ్లు చూసుకుంటారు’ అంటాం. ఫిర్యాదు పట్టుకుని వచ్చిన అమ్మాయిని కూర్చోమనకుండానే మొదటి ప్రశ్న వేస్తాం: ‘ఆ టైమ్‌లో నీకు అక్కడేం పని?’ రెండోది: ‘నువ్వేమైనా అన్నావా?’ మూడోది ప్రశ్న కూడా కాదు: ‘వాడి భవిష్యత్తు పోతుందమ్మా, ఆలోచించుకో.’ ఆమె భవిష్యత్తు గురించి ఆ గదిలో ఒక్కరూ మాట్లాడరు. ఆ అమ్మాయి బయటికి వచ్చి ఇద్దరు స్నేహితురాళ్లకు చెబుతుంది. సాయంత్రానికల్లా హాస్టల్ మొత్తానికి తెలుస్తుంది, మన కాలేజీలో చెప్పుకున్నా లాభం లేదని. ఇందాక చెప్పిన 2005 నివేదికలో, జరిగింది కళాశాల సిబ్బందిలో ఎవరికైనా చెప్పినవాళ్లు పది శాతం కూడా లేరు. మా దగ్గర ఫిర్యాదులే లేవని గర్వంగా చెప్పుకునే ప్రిన్సిపాళ్లు ఈ ఒక్క అంకె దగ్గర ఆగి ఆలోచించాలి.

జెన్నిఫర్ ఫ్రెయిడ్, కార్లీ స్మిత్ అనే మనస్తత్వవేత్తలు 2013లో ప్రచురించిన అధ్యయనం మరో సంగతి చెప్పింది. లైంగిక దాడికి గురైన కళాశాల విద్యార్థినుల్లో, సంస్థ కూడా తమను మోసం చేసిందని అనుభవపూర్వకంగా చెప్పినవాళ్లకు ఆందోళన, మానసిక గాయం తాలూకు లక్షణాలు ఇంకా తీవ్రంగా ఉన్నాయి. అంటే దాడి వల్ల తగిలిన దెబ్బ ఒకటి, మనం కొట్టిన దెబ్బ రెండోది.

అధ్యాపకులే వేధించడం మీద ఇంకో ఉత్తరం రాయాలి. ఒక్క అంకె మాత్రం ఇక్కడే పెడతాను. 2019లో అమెరికాలోని 33 విశ్వవిద్యాలయాల్లో జరిగిన సర్వేలో, వేధింపు ఎదుర్కొన్న పీజీ, పరిశోధక విద్యార్థినుల్లో 24 శాతం మంది, వేధించినవాళ్లలో బోధనా సిబ్బంది ఉన్నారని చెప్పారు. ముందు నడిచే సీనియర్ మనమే అయినప్పుడు కుర్రాళ్లకు మనం చెప్పే నీతి ఎవరు వింటారు?

మనం చేస్తున్న రెండు పనుల వల్ల మేలు జరగడం లేదు. ఒకటి, ఏదైనా జరగ్గానే అమ్మాయిల వేళలు కుదించడం, లైబ్రరీ నుంచి త్వరగా పంపేయడం. వేధించినవాడు కోరుకున్నదే అది: ఆమె ఆ చోటు నుంచి తప్పుకోవాలి. వాడు మొదలుపెట్టిన పని మనం ఉత్తర్వు వేసి పూర్తిచేస్తున్నాం. రెండోది, ఏడాదికోసారి సెమినార్ హాల్లో అరగంట అవగాహన సదస్సు, చివర్లో గ్రూప్ ఫొటో. ఒక అమెరికన్ విశ్వవిద్యాలయం సిబ్బందికి ఇలాంటి చిన్న శిక్షణ ఇచ్చాక ఫలితం చూసిన పరిశోధన 2001లో వచ్చింది. శిక్షణ పొందిన మగవాళ్లు, పొందనివాళ్లకంటే బాధితురాలినే తప్పుపట్టడానికి ఎక్కువ మొగ్గారు. నేరస్థులను చూసినట్టు చూసి ఒక ఉపన్యాసం దంచితే మనిషి గోడ కట్టుకుంటాడు. అదే కుర్రాడిని పదిహేను మంది ఉన్న చిన్న గుంపులో కూర్చోబెట్టి, పక్కవాడు హద్దు మీరినప్పుడు నువ్వు ఏమంటావు అని అడగండి. వాడిని నేరస్థుడి స్థానంలో కాక, ఆపగలిగే మనిషి స్థానంలో నిలబెట్టండి. అమెరికాలోని న్యూ హ్యాంప్‌షైర్ విశ్వవిద్యాలయం లాంటి చోట్ల ఈ దారిలో కార్యక్రమాలు నడిపి, అవి విద్యార్థుల ఆలోచనలో మార్పు తెచ్చాయని చూపించారు. అవి మగ అధ్యాపకులు కూడా ముందుండి నడపాలి, ఏడాది పొడవునా సాగాలి. వాట్సాప్ గ్రూపులో ఆ కొన్ని నిమిషాల నిశ్శబ్దం గురించి చెప్పాను కదా, పని చేయాల్సింది అక్కడ.

అబద్ధపు ఫిర్యాదుల మాటేమిటి అని మీలో కొందరు అడుగుతారు. అడగాల్సిందే. ఆరోపణ ఎదుర్కొన్న కుర్రాడూ మన విద్యార్థే, వాడి వైపు కూడా వినాలి, విచారణ ఉన్నదే అందుకు. సాక్ష్యం చూడండి, ఇద్దరినీ విడివిడిగా వినండి, గడువు లోపల తేల్చండి. విచారణ జరపకుండా సర్దుబాటు చేసి పంపితే నిర్దోషికి కూడా మచ్చ మిగిలిపోతుంది.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం మీద 1977లో విద్యార్థినులు కోర్టుకు వెళ్లారు. వాళ్లు డబ్బు అడగలేదు. ఫిర్యాదు చేసుకోవడానికి, విని తేల్చడానికి ఒక పద్ధతి పెట్టమన్నారు. 1980లో అప్పీలు కోర్టులో వాళ్లు ఓడిపోయారు. కానీ అప్పటికే యేల్ ఆ పద్ధతి పెట్టింది, చదువులో లైంగిక వేధింపు కూడా వివక్షే అన్న వాదన నిలబడిపోయింది. ఇప్పుడు మనలో చాలామంది దగ్గర ఆ పద్ధతి కాగితం మీద ఉంది. నోటీసు బోర్డు మీద కమిటీ సభ్యుల పేర్లు ఉన్నాయి, వాటిలో కొందరు బదిలీ అయి వెళ్లిపోయారు కూడా.

కాబట్టి నేను అడుగుతున్నది ఇది. ఈ విద్యాసంవత్సరం ముగిసేలోగా, పేరు రాయనక్కర్లేకుండా, ప్రతి విద్యార్థినినీ, ప్రతి విద్యార్థినీ మూడు ప్రశ్నలు అడగండి. ఇక్కడ వేధింపు మీద ఫిర్యాదు చేస్తే చేసినవాళ్లకు హాని జరుగుతుందని అనుకుంటున్నారా? వేధించినవాళ్ల మీద చర్య ఉంటుందని నమ్ముతున్నారా? మీరు చెప్పేది మేం పట్టించుకుంటామని అనుకుంటున్నారా? అమ్మాయిల జవాబులు, అబ్బాయిల జవాబులు, తమను ఈ రెండింటిలో చేర్చుకోనివాళ్ల జవాబులు విడిగా లెక్కించండి. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఎన్ని తేలాయో, ఎన్నాళ్లు పట్టిందో పేర్లు లేకుండా దాని పక్కన రాయండి. మొదటి ఏడాది అంకెలు మీకు నచ్చవు. ఫిర్యాదులు పెరుగుతాయి కూడా, అప్పుడు భయపడి ఆ కాగితం దాచేయకండి. ర్యాంకులు, ప్లేస్‌మెంట్లు అచ్చువేసే చోటే దాన్నీ అచ్చువేయండి, వచ్చే ఏడాది అవే ప్రశ్నలు మళ్లీ అడగండి.

ఇట్లు,
మీ సహోద్యోగి, ఒక అధ్యాపకురాలు